ఓడ మీద క్యాసినో ‘ఉచిత’ యాత్ర ఎవరి డబ్బుతో?

సంపాదకుల వారికి నమస్కారాలు.

‘ఓడలో క్యాసినో ఆడండి, వచ్చే ఏడాది యాత్ర ఉచితంగా కొట్టేయండి’ అనే మాట ఈ మధ్య పర్యాటక ప్రకటనల్లోనూ, సెలవుల శీర్షికల్లోనూ తరచుగా కనిపిస్తోంది. మాట అబద్ధం కాదు. ఆ గదులు నిజంగానే ఇస్తారు. ఏ లెక్క మీద ఇస్తారో, చేతికి వచ్చేలోపు మన జేబులోంచి ఎంత పోతుందో మాత్రం ఎవరూ రాయడం లేదు. సింగపూర్ నుంచి మూడు రాత్రుల యాత్రకు వెళ్ళే హైదరాబాద్, విజయవాడ కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అమెరికాలో డాలస్, హ్యూస్టన్ తెలుగువాళ్ళకైతే గాల్వెస్టన్ రేవు కారులో వెళ్ళేంత దగ్గర. జూదం మంచిదా చెడ్డదా అనే చర్చ ఇక్కడ పెట్టడం లేదు. ఆ గుమ్మం దాటేవాళ్ళు ఎలాగూ దాటుతారు. దాటేవాళ్ళకు లెక్క తెలియాలి.

మొదట అర్థం కావలసింది ఒకటుంది. మనం గెలిచామా ఓడామా అన్నది చూసి కంపెనీ కానుకలు ఇవ్వదు. మనం కాసిన పందేల మొత్తం మీద, ఆ ఆటలో సగటున తమకు ఎంత మిగలాలో అంచనా వేసుకుంటుంది. క్యాసినో వాళ్ళు దీన్ని ‘థియో’ అంటారు. టేబుల్ ఆటలకు లెక్క ఇలా ఉంటుంది: సగటు పందెం, గంటకు ఎన్ని ఆటలు, ఎన్ని గంటలు, ఆ ఆటలో ఇంటివాడికి, అంటే క్యాసినోకు, ఉండే శాతం. ఈ నాలుగింటినీ హెచ్చవేయాలి. బ్లాక్‌జాక్ అనే పేకాటలో 25 డాలర్ల చొప్పున, గంటకు 60 చేతులు (పేకలు పంచి ఆడే ఒక్కో ఆటను ‘చెయ్యి’ అంటారు), 4 గంటలు ఆడితే పందేల మొత్తం 6,000 డాలర్లు. ఇంటివాడి వాటా 2 శాతం అనుకుంటే థియో 120 డాలర్లు. ఇందులో 20 నుంచి 40 శాతం దాకా కానుకల రూపంలో తిరిగి ఇవ్వడం క్యాసినో వ్యాపారంలో మామూలు. 30 శాతం ఇచ్చారనుకుంటే 36 డాలర్లు. ఆ రాత్రి మీరు 500 గెలిచినా అదే 36, వెయ్యి ఓడినా అదే 36. ‘అంత పోగొట్టుకున్నాను, ఒక్క భోజనమైనా పెట్టలేదు’ అని కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్ళు ఈ తేడా తెలియకే పడతారు. వెయ్యి డాలర్లు పది నిమిషాల్లో పోగొట్టుకున్నవాడి కంటే, నెమ్మదిగా మూడు రాత్రులు కూర్చుని సరిసమానంగా లేచినవాడికే పెద్ద ఆఫర్ రావచ్చు.

స్లాట్ మెషిన్‌లో ఈ లెక్కంతా యంత్రమే చేస్తుంది. అక్కడ చూసేది మెషిన్‌లో పెట్టిన నోటును కాదు, తిప్పిన ప్రతి పందెం మొత్తాన్ని. 100 డాలర్ల నోటు పెట్టారు. తిప్పుతారు, కొంత వస్తుంది, వచ్చింది మళ్ళీ తిప్పుతారు. మెషిన్ సగటున 10 శాతం ఉంచుకునేదైతే, ఆ 100 అయిపోయేసరికి మీరు కాసిన పందేలు దాదాపు 1,000 డాలర్లకు చేరతాయి. పాయింట్లు ఆ వెయ్యి మీద వస్తాయి. ఓడల్లో మెషిన్లు ఎంత ఉంచుకుంటాయో కంపెనీలు బయటపెట్టవు, కాబట్టి 10 శాతం అన్నది లెక్క కోసం పెట్టుకున్న అంకె మాత్రమే. ‘పెన్నీ స్లాట్’ అనే పేరు చూసి మోసపోకూడదు. ఒక్క తిప్పుకు కనీస పందెం 50 సెంట్లో 88 సెంట్లో ఉండటం మామూలే. వరసగా మీట నొక్కుతూ కూర్చుంటే గంటకు 600 సార్లు తిరుగుతుంది. తిప్పుకు డాలరు చొప్పున గంటకు 600 డాలర్ల పందేలు, 10 శాతం చొప్పున 60 డాలర్ల నష్టం.

నిజమైన అంకెలతో చూద్దాం. రాయల్ కరీబియన్ ఓడల్లో క్యాసినో ఆటగాళ్ళకు ‘క్లబ్ రాయల్’ అనే పథకం ఉంది. ఛాయిస్, ప్రైమ్, సిగ్నేచర్, మాస్టర్స్ అని నాలుగు మెట్లు. ప్రైమ్‌కు 2,500 పాయింట్లు, సిగ్నేచర్‌కు 25,000, మాస్టర్స్‌కు 1,00,000. లెక్క ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది, మన ఆర్థిక సంవత్సరం లాగే. స్లాట్‌లో 5 డాలర్ల పందేనికి ఒక పాయింటు, వీడియో పోకర్‌లో (యంత్రం తెర మీద ఆడే పేకాట) 10 డాలర్లకు ఒకటి. టేబుల్ దగ్గర పాయింట్లు అక్కడి పర్యవేక్షకుడు వేసే రేటింగ్‌ను బట్టి వస్తాయి. ప్రైమ్ మెట్టు ఎక్కినవాళ్ళకు ఏడాదికోసారి కిటికీ లేని లోపలి గదిలో ఉచిత యాత్ర వస్తుంది. పై మెట్లకు వెళ్ళేకొద్దీ గది స్థాయి పెరుగుతుంది.

ఇప్పుడు హెచ్చవేయండి. 2,500 పాయింట్లంటే స్లాట్‌లో 12,500 డాలర్ల పందేలు. 10 శాతం చొప్పున సగటు నష్టం 1,250 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 1,12,500 రూపాయలు. గంటకు 600 డాలర్ల వేగంతో ఆడితే ఇది దాదాపు 21 గంటల పని. మూడు రాత్రుల ఓడలో అన్ని గంటలు క్యాసినో తెరిచి ఉండటమే అనుమానం. సిగ్నేచర్‌కైతే 1,25,000 డాలర్ల పందేలు, 12,500 డాలర్ల సగటు నష్టం. ఇవి సగటులే సుమా. ఒకరు లాభంతో మెట్టెక్కుతారు, ఒకరు మూడు వేలు పోగొట్టుకుని ఎక్కుతారు. లాభంతో ఎక్కినవాడి కథే తర్వాత విందుల్లో వినిపిస్తుంది.

ఆ లోపలి గదికి కంపెనీ ఎందుకంత సులువుగా ఒప్పుకుంటుందో కూడా చూడాలి. ఓడ రేవు వదిలాక ఖాళీగా మిగిలిన గదికి విలువ సున్నా. అందులో ఒక ఆటగాణ్ణి ఎక్కిస్తే వంట, శుభ్రం ఖర్చు తప్ప కంపెనీకి పెద్దగా పడేది లేదు. పైగా ఆ మనిషి నాలుగైదు రాత్రులు సముద్రం మధ్య వేరే క్యాసినోకు పోయే దారి లేకుండా అక్కడే ఉంటాడు. ఊరక రారు మహానుభావులు అన్నట్టు, ఉచిత ఆఫర్ కూడా ఊరక రాదు. అందుకే దాని విలువ కట్టేటప్పుడు ప్రకటనలోని ‘అసలు ధర’ చూడకూడదు. అదే ఓడ, అదే తేదీ, అదే రకం గది ఇవాళ ఎవరైనా డబ్బు పెట్టి కొంటే ఎంతకు వస్తుందో కంపెనీ సైటులో చూసి, ఆ అంకె నుంచి మనం ఎలాగూ కట్టాల్సినవి తీసేయాలి.

కట్టాల్సినవి ఏమిటి? ఉచితం అయ్యేది గది అద్దె ఒక్కటే. రేవు రుసుములు, ప్రభుత్వ పన్నులు మనిషికింత అని మనమే కట్టాలి. సిబ్బందికి రోజువారీ టిప్పు చాలా అమెరికన్ కంపెనీల్లో మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు ఉంటుంది. ఇద్దరికి ఏడు రాత్రులంటే ఇదొక్కటే 224 నుంచి 280 డాలర్లు. రెండో మనిషికి అద్దె మాఫీ ఉందో లేదో ఆఫర్ చీటీలో విడిగా చదవాలి. కొన్నిటిలో ఉంటుంది, కొన్నిటిలో రాయితీ మాత్రమే. పిల్లలను మూడో, నాలుగో మనిషిగా చేరిస్తే వాళ్ళ చార్జీలు మళ్ళీ వేరు. ఇంటర్నెట్, మద్యం ప్యాకేజీ, ప్రత్యేక రెస్టారెంట్లు, రేవుల్లో దిగి తిరిగే యాత్రలు ఏవీ కలవవు. హైదరాబాద్‌లో ఉండి మయామీ ఓడకు ఉచిత గది సంపాదించినవాళ్ళు విమాన టికెట్ల ధర చూసుకున్నాక ఆ చీటీని పక్కన పడేస్తారు. సింగపూర్ ఓడలకైతే కాస్త నయం. ఇంకో సంగతి: ఇలాంటి బుకింగ్ సాధారణంగా కంపెనీ క్యాసినో విభాగం ద్వారానే జరుగుతుంది, ఊళ్ళో ట్రావెల్ ఏజెంట్ చేయలేడు. చీటీ మీద పేరున్న మనిషి తప్పనిసరిగా ప్రయాణం చేయాలి. బావమరిదికి ఇచ్చేద్దామంటే కుదరదు. పండగ సెలవుల తేదీలు చాలావరకు ఆ జాబితాలో ఉండవు.

ఇక ఓడ ఎక్కాక చేయాల్సిన పని. మొదటి పందెం కాయకముందే కార్డు సంగతి తేల్చుకోవాలి. చాలా ఓడల్లో గది తాళంగా ఇచ్చే కార్డే ఆటగాడి కార్డు కూడా. క్యాసినో క్యాషియర్ దగ్గర దాన్ని పనిచేయించుకుని, రహస్య సంఖ్య పెట్టుకుని, ఇంతకు ముందు అదే కంపెనీలో ఆడి ఉంటే పాత ఖాతా దీనికి కలిసిందో లేదో అడగాలి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినవాళ్ళకు, పాస్‌పోర్టులో పేరు ఒకలా, పాత ఖాతాలో మరోలా ఉన్నవాళ్ళకు రెండు ఖాతాలు పుట్టి పాయింట్లు చీలిపోతాయి. మన ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ముందో వెనకో పడే తీరుకు ఇది తెలుగువాళ్ళకు మరీ ఎక్కువ. యాత్ర ముగిశాక ఫోన్లు చేసి కలిపించుకోవడం కంటే మొదటి రోజు క్యాషియర్ దగ్గర పది నిమిషాలు నిలబడటం తేలిక.

స్లాట్‌లో కార్డు పెట్టాక మెషిన్ తెర మీద పేరు గానీ పాయింట్లు గానీ కనిపించాలి. కనిపించకపోతే కార్డు సరిగా దిగలేదని అర్థం. అలా ఆడిన గంటకు తర్వాత పాయింట్లు వేయమంటే వేయరు. మెషిన్ మారేటప్పుడు కార్డు అక్కడే మరిచిపోవడం మరో మామూలు పొరపాటు. తర్వాత కూర్చున్నవాడి ఆట మన ఖాతాలో పడితే మనకు లాభమే అనిపిస్తుంది, కానీ ఆ కార్డు మన గది తాళం, మన ఖర్చుల ఖాతా కూడా. టేబుల్ దగ్గర కూర్చోగానే కార్డు డీలర్‌కు (ఆట నడిపే ఉద్యోగికి) ఇచ్చి, రేటింగ్ కావాలని చెప్పాలి. పర్యవేక్షకుడు మొదటి కొన్ని చేతులు చూసి సగటు పందెం రాసుకుంటాడు. తర్వాత ప్రతి చేతినీ ఎవరూ లెక్కపెట్టరు. కాబట్టి మొదట పది డాలర్లతో మొదలుపెట్టి గంట తర్వాత యాభైకి పెంచినవాడికి పది డాలర్ల రేటింగే మిగిలిపోయే ప్రమాదం ఉంది. పందెం పెంచినప్పుడు పర్యవేక్షకుడికి వినపడేలా ఒక మాట చెప్పడంలో తప్పు లేదు. నిండా జనం ఉన్న టేబుల్‌లో గంటకు వచ్చే చేతులు తక్కువ, రేటింగ్ మాత్రం తరచుగా మామూలు వేగం మీదే వేస్తారు. అంటే అసలు పందేలు తగ్గి, లెక్కలో పందేలు తగ్గవు. ఆటగాడికి కలిసొచ్చే కొద్ది సంగతుల్లో ఇదొకటి. ఖాళీ టేబుల్‌లో డీలర్‌తో ఒంటరిగా ఆడితే దీనికి సరిగ్గా తలకిందులు అవుతుంది.

ఏ ఆట ఆడాలన్నదే కానుకల కంటే పెద్ద ప్రశ్న. ఓడల్లో బ్లాక్‌జాక్ టేబుళ్ళు చాలావరకు ‘6కు 5’ చెల్లింపువి, అంటే మొదటి రెండు పేకలకే 21 వస్తే 5 డాలర్ల పందేనికి 6 డాలర్లు ఇచ్చేవి. 2 డాలర్లకు 3 ఇచ్చే టేబుల్‌తో పోలిస్తే ఈ ఒక్క మార్పే ఇంటివాడి వాటాను దాదాపు 1.4 శాతం పెంచుతుంది. అది టేబుల్ గుడ్డ మీదే అచ్చు వేసి ఉంటుంది, చూసి కూర్చోవాలి. రౌలెట్ అనే చక్రం ఆటలో ఒక్క సున్నా ఉంటే ఇంటివాడి వాటా 2.70 శాతం, రెండు సున్నాలుంటే 5.26, మూడు సున్నాలుంటే 7.69. చక్రాన్ని ఒక్కసారి పరికించి చూస్తే తెలిసిపోతుంది. బకారా అనే పేకాటలో ‘బ్యాంకర్’ వైపు కాస్తే 1.06, ‘ప్లేయర్’ వైపు కాస్తే 1.24. అదే ఆటలో ‘టై’ (రెండు వైపులా సమానం) మీద ఎనిమిదింతలు ఇస్తామని ఊరిస్తారు, అక్కడ ఇంటివాడి వాటా 14 శాతం దాటుతుంది. క్రాప్స్ అనే పాచికల ఆట టేబుల్ ఉన్న ఓడల్లో ‘పాస్ లైన్’ అనే పందెం 1.41 శాతం. వాటా తక్కువ ఉన్న ఆటలో థియో తక్కువ, కానుకలూ తక్కువ. క్యాసినో వాళ్ళకు ఈ లెక్క మన కంటే బాగా తెలుసు. ఎక్కువ కానుకలు వస్తాయని ఎక్కువ వాటా ఉన్న ఆటకు మారడమంటే 30 పైసల కోసం రూపాయి ఇవ్వడమే.

వీడియో పోకర్ మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే లెక్క తెలిసినవాళ్ళం అనుకునేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ‘జాక్స్ ఆర్ బెటర్’ ఆటలో ఫుల్ హౌస్‌కు (ఒకే అంకెవి మూడు, మరో అంకెవి రెండు పేకలు) పందేనికి 9 ఇంతలు, ఫ్లష్‌కు (ఒకే గుర్తువి ఐదు) 6 ఇంతలు ఇచ్చే మెషిన్ తప్పులు లేకుండా ఆడితే 99.54 శాతం తిరిగి ఇస్తుంది. అది లాస్ వెగాస్‌లో చెప్పుకునే అంకె. 8, 5 ఇచ్చే మెషిన్ 97.3 శాతం. 6, 5 ఇచ్చేది 95 శాతం మాత్రమే. ఓడల్లో కనిపించేవి ఎక్కువగా ఈ కింది రకాలే. పైన చెప్పిన పథకంలో వీడియో పోకర్‌కు పాయింటు పదికి ఒకటి కాబట్టి, 2,500 పాయింట్లకు 25,000 డాలర్ల పందేలు కావాలి. 8, 5 మెషిన్‌లో సగటు నష్టం 675 డాలర్లు. 6, 5 మెషిన్‌లో 1,250. స్లాట్‌తో వచ్చిన అంకె కూడా అదే. అంటే ఆ మెషిన్ ముందు రెట్టింపు గంటలు బుర్ర పెట్టి ఆడి, చివరికి స్లాట్ ఆడినవాడి పక్కనే తేలతారు. ఆడుతూ చేసే ప్రతి తప్పూ దీనికి అదనం. చెల్లింపుల పట్టిక మెషిన్ తెర మీదే ఉంటుంది. నోటు పెట్టకముందు ఫుల్ హౌస్, ఫ్లష్ వరసలు రెండూ చదివితే చాలు.

డబ్బు తెచ్చుకునే తీరులోనూ ఓ గుంట ఉంది. జేబులో నగదు లేకపోయినా, గది ఖాతా మీద రాయించుకుని చిప్పులు (పందెం బిళ్ళలు) గానీ మెషిన్‌లో క్రెడిట్ గానీ తీసుకోవచ్చు. దీనికి చాలా కంపెనీలు 3 నుంచి 5 శాతం దాకా రుసుము వేస్తాయి. వెయ్యి డాలర్లకు 30 నుంచి 50. బకారా బ్యాంకర్ మీద వెయ్యి డాలర్ల పందేలకు సగటు నష్టం పదిన్నర డాలర్లే. రుసుము ఆట కంటే ఎక్కువ తింటోందన్నమాట. పై మెట్లవాళ్ళకు కొన్ని కంపెనీలు ఈ రుసుము మాఫీ చేస్తాయి. మెట్టు వల్ల వచ్చే ప్రయోజనాల్లో పైకి కనపడని మంచిది ఇదే అని నా అభిప్రాయం. మాఫీ లేనివాళ్ళు నగదు తీసుకెళ్ళడమే మేలు. భారత్ నుంచి వెళ్ళేవాళ్ళు విదేశీ కరెన్సీ నోట్లు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే తీసుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు నోట్లు 5,000 డాలర్లు దాటినా, నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు అన్నీ కలిపి 10,000 దాటినా కస్టమ్స్‌లో ప్రకటించాలి. అమెరికాలో దిగేవాళ్ళకు 10,000 డాలర్ల పైబడిన నగదు ప్రకటించే నియమం ఉంది. ఒక్కొక్కరికి కాదు, కలిసి ప్రయాణించే కుటుంబం మొత్తానికి.

మద్యం గురించి ఒక అపోహ. లాస్ వెగాస్‌లో ఆడుతున్నవాళ్ళకు గ్లాసు ఉచితంగా వస్తుంది కాబట్టి ఓడలోనూ వస్తుందనుకుంటారు. ఓడల్లో అది తిన్నగా రాదు. ఫలానా మెట్టు, లేదా ఆ యాత్రలోనే ఇన్ని పాయింట్లు అని షరతు ఉంటుంది. వచ్చినా క్యాసినో బార్‌లోనే చెల్లడం మామూలు. పద్నాలుగు డాలర్ల గ్లాసు కోసం గంటకు 60 డాలర్ల మెషిన్ ముందు కూర్చునేవాళ్ళు ప్రతి ఓడలోనూ కనిపిస్తారు. కాఫీ, నీళ్ళ సీసా మాత్రం అడిగితే చాలాసార్లు దొరుకుతాయి.

‘ఫ్రీ ప్లే’ అని 100 డాలర్లు ఖాతాలో వేస్తే అది 100 డాలర్ల నోటు కాదు. దాన్ని ఒకసారి మెషిన్‌లో తిప్పి తీరాలి, వచ్చిన గెలుపే మనది. 10 శాతం ఉంచుకునే మెషిన్‌లో దాని సగటు విలువ 90. యాత్ర ముగిసేలోపు వాడకపోతే పోతుంది. టేబుల్ దగ్గర ఇచ్చే ‘మ్యాచ్ ప్లే’ కూపన్ మన సొంత పందేనికి జోడుగా పెట్టేది. గెలిస్తే రెండింటికీ చెల్లిస్తారు, కూపన్ తీసేసుకుంటారు. కాబట్టి దాని విలువ రాసి ఉన్న అంకెలో సగానికి కాస్త తక్కువ. గోవాలో మాండవి నది మీది క్యాసినో పడవల్లో ప్రవేశ రుసుముతో పాటు ఇచ్చే ఒక్కసారి ఆడే చిప్పులూ ఇలాంటివే, నేరుగా డబ్బుగా మారవు. అక్కడ ఇంకో భారం కూడా ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి చిప్పులు కొన్న పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ వేశారు, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. అంత పన్ను కట్టాక ఏ కానుకా దాన్ని పూడ్చలేదు.

చిన్న యాత్రా, పెద్ద యాత్రా అన్నదీ లెక్కలోకి వస్తుంది. తర్వాత వచ్చే ఆఫర్లకు చాలా కంపెనీలు రోజుకు సగటు థియో చూస్తాయి. మొత్తం 600 డాలర్ల థియో మూడు రాత్రుల్లో వస్తే రోజుకు 200. అదే ఏడు రాత్రుల్లో పరిస్తే 86 కూడా లేదు. ఒకే యాత్రలో వచ్చిన పాయింట్లను బట్టి దిగేముందు చీటీ ఇచ్చే పద్ధతీ ఉంది. అక్కడ రోజులతో పని లేదు, మొత్తమే ముఖ్యం. మీ కంపెనీ ఏ పద్ధతి పాటిస్తుందో మొదటి సాయంత్రమే క్యాసినో హోస్ట్‌ను (ఆటగాళ్ళ కానుకలు చూసే ఉద్యోగిని) అడగండి. దాచాల్సిన ప్రశ్న కాదు, వాళ్ళు ఉన్నదే అందుకు. మెట్టు ఎవరికి వారిదే. భార్యాభర్తలు చెరో కార్డుతో చెరి సగం ఆడితే ఇద్దరూ మెట్టు కిందే ఆగిపోవడం తరచుగా జరుగుతుంది. మరీ చివరిలో ‘ఇంకో రెండు వందల పాయింట్లే’ అని కూర్చునేవాళ్ళుంటారు. 200 పాయింట్లంటే స్లాట్‌లో 1,000 డాలర్ల పందేలు, 100 డాలర్ల సగటు నష్టం. అవతల గట్టున నిజంగా వంద కంటే విలువైనది ఉంటేనే అది ఆలోచించదగ్గది. ఐదు వేల పాయింట్ల దూరంలో ఉండి కూర్చుంటే లెక్కే లేదు.

క్యాసినో ఎప్పుడు తెరుస్తారో కూడా ముందే చూసుకోవాలి. ఓడ రేవులో ఉన్నంతసేపు సాధారణంగా మూసే ఉంటుంది, తీరజలాలు దాటాకే తెరుస్తారు. మన దేశపు తీరజలాల హద్దు 12 నాటికల్ మైళ్ళు. రోజుకో రేవులో ఆగే యాత్రలో ఆట గంటలు బాగా తగ్గిపోతాయి. హవాయి దీవుల మధ్యే తిరిగే ‘ప్రైడ్ ఆఫ్ అమెరికా’ ఓడలో క్యాసినోయే లేదు. డిస్నీ ఓడల్లోనూ లేదు. సింగపూర్‌లో పిల్లల కోసం డిస్నీ ఓడ ఎంచుకుని, పెద్దవాళ్ళకు పాయింట్లు వస్తాయని ఆశపడితే నిరాశే. మన విశాఖ వాళ్ళకు 2022 జూన్ సంగతి గుర్తుండే ఉంటుంది. ఇక్కడికి వచ్చి వెళ్ళిన కార్డీలియా ‘ఎంప్రెస్’ ఓడను క్యాసినో ఉందన్న అభ్యంతరంతో పుదుచ్చేరి రానివ్వలేదు. అప్పుడు అక్కడ లెఫ్టినెంట్ గవర్నర్ బాధ్యతల్లో ఉన్నది అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసై గారే.

పన్ను సంగతి చెప్పకుండా ముగించలేను, ఎందుకంటే ప్రకటనల్లో దీని ఊసే ఉండదు. భారత్‌లో నివాసి హోదా ఉన్నవాళ్ళకు ప్రపంచంలో ఎక్కడ గెలిచినా జూదం గెలుపు మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్. నిన్న ఓడినది ఇవాళ్టి గెలుపులోంచి తీసేయడానికి వీల్లేదు. మొత్తం మీద నష్టంతో దిగినా, మధ్యలో వచ్చిన గెలుపుకు పన్ను ప్రశ్న ఉంటుంది. అమెరికాలో స్లాట్ జాక్‌పాట్‌కు పన్ను పత్రం ఇచ్చే హద్దు చాలా కాలం 1,200 డాలర్లు ఉండేది, 2026 నుంచి 2,000 అయింది. పత్రం రాకపోయినా గెలుపు ఆదాయమే. అదే 2026 నుంచి ఓటమిలో 90 శాతం మాత్రమే మినహాయింపుగా చూపించుకోవచ్చు, అదీ గెలుపుకు మించకుండా, ఖర్చులు విడివిడిగా చూపించేవాళ్ళకే. హెచ్1బీ మీద ఉండి స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపించకుండా ఇచ్చే ఒకే మొత్తం మినహాయింపు) తీసుకునే తెలుగు కుటుంబాలు చాలావరకు ఈ కోవలోకి రావు. వాళ్ళకు ఓటమి పన్ను లెక్కలో కనపడదు, గెలుపు మాత్రం కనపడుతుంది.

చివరి రాత్రి చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. దిగే రోజు ఉదయం క్యాసినో క్యాషియర్ ఉండడు కాబట్టి చిప్పులు, మెషిన్ చీటీలు ముందు రాత్రే మార్చుకోవాలి. ఓడ చిప్పులు ఒడ్డున ఎక్కడా చెల్లవు. గది బిల్లు తుదిరూపం దాల్చకముందే, అంటే ముందు రోజు మధ్యాహ్నానికే, హోస్ట్‌ను కలిసి ‘నా ఆట మీద బిల్లులో ఏమైనా తీసేయగలరా’ అని నేరుగా అడగాలి. ఆట తగినంత ఉంటే ఒక భోజనమో, ఇంటర్నెట్ చార్జీయో, కొన్నిసార్లు టిప్పులో భాగమో తీసేస్తారు. అడగనివాడికి చాలాసార్లు ఏమీ రాదు. బిల్లు మూసేశాక అడిగితే చేయగలిగింది తక్కువ. తర్వాతి యాత్ర చీటీ ఇస్తే దాని మీద నాలుగు సంగతులు అక్కడే చదివి తెలుసుకోవాలి: బుక్ చేయడానికి గడువు, ప్రయాణం చేయడానికి గడువు, వర్తించే ఓడల జాబితా, రద్దు చేస్తే పడే కోత. మొదటి రెండూ వేర్వేరు తేదీలు. బుకింగ్ గడువు చాలా తొందరగా ముగుస్తుంది, ఎక్కువ చీటీలు వృథా అయ్యేది అక్కడే. ఏడాది గెలుపు ఓటముల పత్రాన్ని క్యాసినో విభాగం అడిగితే పంపుతుంది. అది కార్డు పెట్టి ఆడిన ఆటకే తయారవుతుంది, పన్ను దాఖలు చేసే సమయంలో పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం